రెండుసార్లు కలిసిన ఉల్లిపాయలు

వంట ఒక కళ అనీ, అందులో ప్రేమ కలిస్తేనే రుచి అనీ చెప్పేవాళ్ళు ఎప్పుడూ పన్నెండు వందల మందికి వండి ఉండరు. అంతమందికి వండేచోట ప్రేమ కలపడానికి జాగా ఉండదు, ఉల్లిపాయలు కలపడానికే గిన్నె చాలదు. ఈ సంగతి కలుపక్కకి తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు.

ఆమె వంటమనిషి కాదు. గరిటె పట్టడం ఆమెకి అంతంతమాత్రం. ఇంట్లో వంట మొగుడిది. ఆయన సిటీబస్సు కండక్టరు. మధ్యాహ్నం డ్యూటీకి వెళ్ళేలోగా రెండుపూటలకీ వండి, మూతలు పెట్టి వెళ్ళిపోతాడు. "ఊరి వంట నువ్వు చూసుకో, నీ వంట నేను చూసుకుంటా" అని ఆయన వేసే జోకు మొదట్లో బాగానే ఉండేది. ఇప్పుడు ఆయన "ఊరి వంట" అనగానే ఆమె "ఊఁ" అని వాక్యం అక్కడే తెంపేస్తుంది.

ఒక ఆసుపత్రికీ రెండు హాస్టళ్ళకీ భోజనం పంపే పెద్ద వంటశాల అది. సరుకుల స్టోరుకీ వంటహాలుకీ మధ్య ఒక గాజుగది. లోపల బల్ల, ఒక పాత కంప్యూటరు, ఒక కాలు పొట్టిగా ఉన్న కుర్చీ. ఆ కుర్చీలో ఏడేళ్ళుగా కూర్చుని ఆమె ఒక పక్కకి ఒరిగిపోయింది. ఇంట్లో సమంగా ఉన్న కుర్చీలో కూర్చున్నా ఒరిగే కూర్చుంటుంది.

ఆమె పని చెప్పడానికి తేలిక. ప్రతి వంటకానికీ కంప్యూటర్లో ఒక ఫైలు ఉంటుంది. అందులో గళ్ళ పట్టిక. ఒక గడిలో సరుకు పేరు, పక్కగడిలో మనిషికి ఎంత పడుతుందో. రేపు ఏమేం వండాలో, ఎంతమందికి వండాలో తెలిశాక ఆ ఫైళ్ళన్నీ కలిపి, మొత్తం ఉల్లిపాయలు ఇన్ని, మొత్తం ఉప్పు ఇంత అని స్టోరుకి ఒకే చీటీ ఇవ్వాలి. మొదటి కొద్ది నెలలూ ఫైళ్ళు లేవు, కాగితాల మీదే, పెన్సిలు చెవిమీద పెట్టుకుని చేత్తోనే కూడేది. ఆ కూడికలు ఇంటికి కూడా వచ్చేవి. అన్నం తింటూ "మూడు, హెచ్చు ఒకటి" అని గొణుక్కునేది.

ఆ గొణుగుడు భరించలేక ఆమె మరిది ఒక ఆదివారం కూర్చుని ఒక పనిముట్టు రాసిచ్చాడు. మరిది కంప్యూటరు మనిషి. మౌసు పట్టుకోవడం అతని దృష్టిలో చేతకానితనం, బొమ్మలమీద నొక్కడం చిన్నపిల్లల పని. అంచేత అతను ఇచ్చినదానికి బొమ్మలూ రంగులూ లేవు, నల్లటి తెర ఒక్కటే ఉంది. దానిమీద 'కలుపు' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, పక్కన వంటకాల ఫైళ్ళ పేర్లు, ఎంతమందో ఆ అంకెలు వరసగా కొట్టి ఎంటర్ నొక్కితే, అది అన్ని పట్టికలూ తెరిచి, ఉల్లిపాయని ఉల్లిపాయతో, ఉప్పుని ఉప్పుతో కూడి ఒకే జాబితా పడేస్తుంది. ఒక వంటకంలో ఇంకో తయారీ ఉంటే దాని ఫైలు కూడా వెతుక్కుని, విడగొట్టి కలుపుతుంది. అన్నీ అయ్యాక చివర "అయింది వదినా" అని వస్తుంది. పేరు తప్పు కొడితే "అలాంటిది లేదు వదినా" అంటుంది. రాసినప్పుడు మరిదికి అది సరదా. ఏడేళ్ళుగా రోజూ ఆ నల్లతెర చేత వదినా అనిపించుకుంటున్న ఆమెకి ఆ వరస కొంచెం విసుగే, కానీ పని దొరికిన బంధువుని ఎవరు వదులుకుంటారు?

కలుపక్క అన్న పేరు అలా వచ్చింది. పెట్టింది పెద్దమాస్టారు. వంటహాలుకి ఆయనే అధిపతి, మనిషి పొట్టి, గొంతు పొడుగు. "లోకమంతా కలుపు తీసి బతుకుతుంది, మా అక్కకి రోజూ కలుపు పెడితేగాని పొద్దెక్కదు" అని హాలంతా వినపడేలా అన్నాడు. గరిటెలు పట్టుకున్న వాళ్ళందరూ నవ్వారు. పేరు అతుక్కుపోయింది.

ఆ వంటశాలలో ఎవరూ రాయని ఒక ఆనవాయితీ ఉంది. సాయంత్రం నాలుగింటికి సూపు. గిన్నెలు కడిగే ఆడవాళ్ళు, బళ్ళు తోసేవాళ్ళు, నేల తుడిచేవాళ్ళు మధ్యాహ్నానికి ముందే పనిలోకి వస్తారు. హాస్టళ్ళనించి రాత్రి గిన్నెలు వెనక్కొచ్చి, తళతళలాడేదాకా కదలరు. వాళ్ళకి మధ్యలో భోజనం లేదు. కాంట్రాక్టులో లేదు కాబట్టి లేదు. నాలుగింటికి పెద్దమాస్టారు ఒక వెడల్పాటి గిన్నెలో ఉల్లిపాయ, టమాటా వేసి సూపు కాస్తాడు, రొట్టెల చివరిముక్కలు పక్కన పడేస్తాడు. అది తిని వాళ్ళు రాత్రిదాకా నిలబడతారు. సూపు యాజమాన్యం ఇస్తోందని వాళ్ళు అనుకుంటారు. తన చేతి పొదుపు అని మాస్టారు అనుకుంటాడు. కలుపక్క ఏమీ అనుకోదు. మధ్యాహ్నమే తన డబ్బా విప్పుకుని మొగుడు వండింది తినేస్తుంది, నాలుగింటికి గాజులోంచి చూస్తుంది. ఆ సూపు తనదా కాదా అని ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు.

కొత్త మేనేజరు వచ్చిన రెండో వారంలో గాజుగదిలోకి వచ్చి నిలబడ్డాడు. కూర్చోవడానికి ఇంకో కుర్చీ లేదు.

"మన ఇంకో కిచెన్లో కూడా ఇవే వంటకాలు కదండీ. అక్కడ ఒక్కో ప్లేటుకి పడే ఉల్లిపాయల కంటే ఇక్కడ సగం ఎక్కువ పడుతున్నాయి. ఎక్కడికి పోతున్నాయి?"

"తెలీదండి."

"టమాటాలూ అంతే. నూనే అంతే. లెక్కలు చూసేది మీరే కదా, శుక్రవారంలోగా కనుక్కోండి. దొరికితే సరే. దొరక్కపోతే, నాలుగింటికి ఇక్కడేదో పంచుతున్నారట, ముందు అది ఆపేస్తాను."

ఆయన చెడ్డవాడని అనిపించలేదు ఆమెకి. నిద్ర చాలని మనిషిలా ఉన్నాడు. పైనించి ఎవరో అడిగారు, ఆయన ఆమెని అడిగాడు. ఆమె అడగడానికి కింద ఎవరూ లేరు, నల్లతెర తప్ప.

ఆ వారమంతా ఆమె పని అయ్యాక ఇంకో పని చేసింది. అన్ని ఫైళ్ళూ కలపకుండా, ఒక్కొక్క వంటకాన్నే విడిగా 'కలుపు'కిచ్చి, వచ్చినదాన్ని చేత్తో కూడి చూసింది. పాత పెన్సిలు సొరుగులోంచి మళ్ళీ బయటికొచ్చింది. రొట్టె సరిగ్గా ఉంది. గంజి సరిగ్గా ఉంది. అయింది వదినా, అయింది వదినా అని అది అంటూనే ఉంది. కూరల దగ్గరికొచ్చేసరికి ఆమె పెన్సిలు ఆగింది.

ఆ వంటశాలలో పొద్దున్నే ఉల్లిపాయ, టమాటా, వెల్లుల్లి, నూనె, ఉప్పు కలిపి ఒక పెద్ద బాణలిలో మగ్గబెడతారు. దాన్ని 'ముద్ద' అంటారు. కూరలన్నిటికీ అదే ఆధారం. ముద్దకి ఒక ఫైలు ఉంది. కూరల ఫైళ్ళలో 'ముద్ద ఇంత' అని ఒక్క గడి ఉంటే చాలు, మిగతాది పనిముట్టు చూసుకుంటుంది. కానీ మూడు కూరల్లో ముద్ద గడికి కింద మళ్ళీ ఉల్లిపాయ ఉంది, టమాటా ఉంది, వెల్లుల్లీ నూనే ఉప్పూ ఉన్నాయి.

మరిదికి ఫోన్ చేసింది.

"మళ్ళీ ఏం తొక్కావు వదినా?"

"ఏం తొక్కలేదు అబ్బాయ్. ముద్దలో ఉన్న సరుకు కూరలో కూడా రాస్తే అది రెండుసార్లు వేస్తుందా?"

"వేస్తుంది. నువ్వు రెండుచోట్ల రాస్తే అది రెండుసార్లు కలుపుతుంది. దానికి సిగ్గా, మొహమాటమా? ఇదివరకే వేశాం కదమ్మా అని అడగడానికి అదేమైనా మీ అత్తగారా?"

"మీ అమ్మే."

"అదే అంటున్నా. ఎన్నాళ్ళనించి అలా ఉంది?"

మొదటి రోజునించీ అలాగే ఉందని ఆమెకి ఫోను చెవిలో ఉండగానే గుర్తొచ్చింది.

ఫైళ్ళు మొదట తయారుచేసినప్పుడు పెద్దమాస్టారు ఆమె పక్కన నిలబడి ఒక్కో వంటకం చెప్పాడు. తన మూడు కూరలదగ్గర మాత్రం గడుల్ని చూసి మొహం మాడ్చుకున్నాడు. మళ్ళీ అన్నీ విడివిడిగా రాసేదాకా అక్కడినించి కదల్లేదు. ఎలా ఉన్నా తెర అన్నీ కలిపేస్తుంది కదా అని ఆమె కూడా రాసేసింది.

ఇప్పుడు వెళ్ళి అడిగింది. మాస్టారు బాణలి తిప్పుతున్నాడు.

"మాస్టారూ, మీ కూరల్లో ఉల్లిపాయ రెండుసార్లు పడుతోంది."

"నా కూరలో ఏది ఎన్నిసార్లు పడాలో నాకు తెలుసులే అక్కా."

"కూరలో కాదు, ఫైల్లో. ముద్దలో ఒకసారి, కింద విడిగా ఒకసారి. ఆ రోజు మీరే రాయించారు."

"రాయించనూ మరి? పైన బంగాళాదుంప కూర అని రాసి, కింద ముద్ద, బంగాళాదుంప, నీళ్ళు అని మూడు ముక్కలు పెడితే అదేం వంటకం? చూసినవాడు ఈయన కూరలో ఉల్లిపాయ కూడా లేదు అనుకోడూ?"

"చూసేదెవరు మాస్టారూ, నేనేగా."

"నువ్వయినా అనుకోకూడదు."

"పోనీ, రోజూ అంత మిగులుతుంటే చెప్పొద్దూ?"

"ఎవరికి చెప్పను? స్టోరుకెళ్ళి తగ్గించండి అని అడిగిన వంటవాడు బతికి బట్టకట్టడం నేను చూళ్ళేదు. ఇవాళ సంతోషంగా తగ్గిస్తారు. రేపు కావాలని పోతే, నిన్న వద్దన్నావుగా అంటారు. మిగిలింది పక్కన టబ్బులో వేసుకుంటున్నా, నాలుగింటికి…"

అక్కడ ఆగిపోయాడు. గరిటె కూడా ఆగింది. బాణలి అంచున ముద్ద అంటుకుంటోందని ఆమెకే వాసన తెలిసింది.

"అంటే," అన్నాడు, గొంతు మొదటిసారి మనిషి పొడుగుకి తగ్గట్టు తగ్గి, "ఆ సూపు నా చేతి మిగులు కాదన్నమాట."

"కాదు మాస్టారూ. కూడికలో తప్పు."

"పిన్నికి చెప్పకు. నా పొదుపు అని ఏడేళ్ళు చెప్పుకున్నా."

పిన్ని అంటే గిన్నెల పిన్ని. గిన్నెలు కడిగేవాళ్ళకి పెద్ద. ఎవరికీ సొంత పిన్ని కాదు, అందరూ అలాగే పిలుస్తారు. చేతులు ఎప్పుడూ తడిగా ఉంటాయి, మాట ఎప్పుడూ పొడిగా ఉంటుంది. ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆ సాయంత్రమే గాజుగది తలుపుకి భుజం ఆనించి నిలబడింది.

"సూపు తీసేస్తారటగా."

"ఇంకా ఏమీ అనుకోలేదు పిన్నీ."

"తీసేస్తే తీసేయమను. తినకుండా తోమడం మాకు కొత్తా? కాకపోతే ఒకరోజు ముందు చెప్పమను. రొట్టెముక్క సంచిలో వేసుకొస్తాం. చెప్పకుండా తీసేసి, నాలుగింటికి గిన్నెలు పట్టుకుని నిలబెట్టొద్దు. అది బాగుండదు."

"సరే."

"నీ మొహమేంటి అలా ఉంది? నువ్వెప్పుడూ తిన్నదానివి కాదుగా."

ఆమె వెళ్ళిపోయాక కలుపక్క తప్పు దిద్దింది. దిద్దడం ఎంతసేపు? మూడు ఫైళ్ళు తెరిచి, ముద్ద గడి కింద ఉన్నవన్నీ తీసేసింది. కలిపింది. జాబితా చిక్కిపోయి వచ్చింది, జ్వరం పడి లేచిన మనిషిలా. అయింది వదినా. మేనేజరు అడిగినది దొరికింది. ఇక సంచి భుజానికి తగిలించుకుని బస్సెక్కడమే.

ఆమె లేవలేదు. సూపుని ఎవరూ ఆపనక్కర్లేదు అన్న సంగతి ఆమెని కుర్చీకి అతికించింది. ఆపమని మేనేజరు చెప్పనక్కర్లేదు, మాస్టారు మానెయ్యనక్కర్లేదు. ఈ జాబితా స్టోరుకి వెళ్తే చాలు, రేపు టబ్బులో ఏమీ మిగలదు. నాలుగింటికి వాళ్ళందరూ గిన్నెలు పట్టుకుని నిలబడతారు, ఎదురుగా ఖాళీ టబ్బు ఉంటుంది, తప్పు ఎవరిదీ కాదు. ఇంత శుభ్రంగా జరిగే అన్యాయానికి తను ఎంటర్ నొక్కాలి. ఆమె దయాగుణం గురించి ఇక్కడ ఏమీ చెప్పబోవడం లేదు. ఆమెకి కాళ్ళు పీకుతున్నాయి, ఇంటికి పోవాలనుంది. ఆ దృశ్యం గాజులోంచి రోజూ చూస్తూ కూర్చోవాల్సింది మాత్రం తనే, అంతే.

కొత్త ఫైలు తెరిచింది. దానికి పేరు పెట్టింది: 'నాలుగింటి సూపు'. మాస్టారుని పిలిచి అడిగింది.

"ఇందులో ఏమేం వేస్తారు?"

"ఉన్నది వేస్తాను."

"ఎంత?"

"ఉన్నంత."

"అలా గడిలో రాయలేను మాస్టారూ."

"అయితే నువ్వే వండుకో" అని ఆయన వెళ్ళిపోయాడు. అవమానం ఇంకా ఆయన మెడలోనే ఉంది. ఆమె తనకి తెలిసినట్టు రాసింది. ముద్ద ఇంత, బంగాళాదుంప ఇంత, నీళ్ళు ఇన్ని. ఉప్పు గడి దగ్గర వేలు ఆగింది. ముద్దలో ఉప్పు ఉండనే ఉంది. మళ్ళీ రాస్తే మళ్ళీ రెండుసార్లు. ఒకసారి కాలిన చెయ్యి అది, రాయలేదు. తర్వాత గాజులోంచి తలలు లెక్కపెట్టుకుని ఎంతమందో ఆ అంకె వేసింది. అన్నిటితో పాటు దాన్నీ కలిపింది. జాబితా కొంచెం ఒళ్ళు చేసింది, అయినా పాతదాని కంటే చాలా తక్కువ.

శుక్రవారం మేనేజరు ఆ జాబితాని నిలబడే చదివాడు.

"తగ్గింది. బాగానే తగ్గింది. ఏమైందసలు?"

"మూడు కూరల్లో సరుకు రెండుసార్లు పడుతోందండి. దిద్దాను."

"మంచిది. ఈ నాలుగింటి సూపేంటి? ఏ హాస్టలు ఇది?"

"ఇక్కడిదేనండి. ఇక్కడివాళ్ళకి."

"దీన్ని ఎవరు మంజూరు చేశారు?"

"ఇన్నాళ్ళూ ఎవరూ చెయ్యలేదండి. పొరపాటే చేసింది."

ఆయన కళ్ళు నులుముకున్నాడు. "కాంట్రాక్టులో లేదండీ ఇది. తీసేయండి."

"తీసేస్తానండి. కొట్టేటప్పుడు దీని పేరు కొట్టకపోతే చాలు. కాకపోతే ఇది ఇప్పుడు వంటకాల పట్టికలో ఉంది. ఏ వంటకం తీసినా మీరే రాసివ్వాలి కదా. పనివాళ్ళకి ఇస్తున్న సూపు ఫలానా కారణంవల్ల నిలిపివేశాను అని ఒక ముక్క, కింద సంతకం. వాళ్ళు అడిగితే చూపిస్తాను."

తెరమీద "అయింది వదినా" అన్న మాట మెరుస్తోంది. ఆయన దానివంక చూశాడు. "ఈ వదినెవరు?" అన్నాడు.

"నేనేనండి."

ఆయన జేబులోంచి పెన్ను తీశాడు, మళ్ళీ పెట్టేసుకున్నాడు. ఆ పెన్ను వెనక్కి వెళ్ళింది జాలివల్ల అని కలుపక్క ఎప్పుడూ అనుకోలేదు. ఆ ముక్క రాయాలంటే కారణం వెతకాలి, కారణం కింద తన పేరుండాలి. పైవాళ్ళు అడిగిన అంకె ఎలాగూ కిందికి దిగింది. లోకంలో చాలా మంచిపనులు ఇలాగే, చెడ్డపని రాయడానికి బద్ధకించడంవల్ల జరుగుతాయి.

"ఉంచండి. దీన్నిక పెంచొద్దు" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు నాలుగింటికి మొదటిసారి అసలైన సూపు, అంటే కాగితం మీద ఉన్న సూపు, పొయ్యి దిగింది. కొలిచి పోశారు. అందరికీ సమానంగా వచ్చింది. ఒక గుక్క తాగి అందరూ గిన్నెల్లోకి చూసుకున్నారు. తర్వాత గిన్నెల పిన్ని తన గిన్నె పట్టుకుని తిన్నగా గాజుగదికి వచ్చింది.

"ఇదేంటిది? గిన్నెలు కడిగిన నీళ్ళు మేము రోజూ చూస్తూనే ఉంటాంగా, మళ్ళీ మాకే పొయ్యడమెందుకు?"

కలుపక్క ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. ఏడేళ్ళలో మొదటి చెంచా. ఉప్పు లేదు. ముద్దలో ఉన్న ఉప్పు ముద్దకి సరిపోయేది, అన్ని నీళ్ళలో అది ఎటుపోయిందో తెలియలేదు. ఇన్నాళ్ళూ రెండోసారి పడ్డ ఉప్పు కూడా టబ్బులోకే, అక్కడినించి సూపులోకే వెళ్ళేదని ఆమెకి నాలుకమీద అర్థమైంది.

"మాస్టారూ, ఉప్పు వెయ్యకూడదూ?" అంది తలుపులోంచి.

"ఫైల్లో ఎంతుందో అంత వేశాను అక్కా" అన్నాడాయన, చేతులు కట్టుకుని, చాలా రోజుల తర్వాత పాత గొంతుతో. "నా చేతి మిగులు కాదుగా. మీ వంటకం. మీరు రాసినట్టే."

"ముందు చెప్పొచ్చుగా."

"మిగిలినా తగ్గినా చెప్పే అలవాటు నాకు లేదు, నీకు తెలుసుగా."

బళ్ళు తోసేవాళ్ళలో ఒకడు రొట్టె కూడా చిన్నదయిందన్నాడు. ఇంకొకామె, వేడి చాలలేదంది. మిగులు తిన్న ఏడేళ్ళూ ఒక్క మాట అనని వాళ్ళు, తమ పేరుమీద ఒక గడి పుట్టగానే నోళ్ళు తెరిచారు. అది చూసి కలుపక్కకి కోపం రాలేదు. సహజమే అనిపించింది. నీరసం మాత్రం వచ్చింది. ఇన్నాళ్ళూ ఆసుపత్రివాళ్ళ ఫిర్యాదులు, హాస్టలువాళ్ళ ఫిర్యాదులు. ఇవాళ్టినించి ఇంకో వాకిలి తెరుచుకుంది, అదీ తన చేత్తోనే.

"సరే, దిద్దుతాను. రేపటికి సరిగ్గా ఉంటుంది."

"ఎంతమందికి రాశావు?" అంది పిన్ని, తెరమీద ఉన్న అంకెకి తడివేలు ఆనించి. వేలిముద్ర అక్కడే ఉండిపోయింది.

"ఉన్నవాళ్ళందరికీ."

"నిన్ను వేసుకున్నావా?"

"నాకు డబ్బా ఉందిగా."

"నీ డబ్బా పన్నెండింటికే ఖాళీ అవుతుంది, నేను చూడనా? తినవు, రుచి తెలీదు, తెలీకుండా రాశావు. ఇదిగో, ఇలాగుంది." గిన్నె బల్లమీద ఠక్కున పెట్టింది.

పిన్ని అక్కడే నిలబడి చూస్తుండగా కలుపక్క ఫైలు తెరిచింది. ఉప్పుకి ఒక గడి పెట్టి అంకె వేసింది. తలల అంకె దగ్గరికొచ్చి ఒకటి పెంచింది. ఆకలివల్ల కాదు. పెంచకపోతే ఈవిడ రోజూ వచ్చి ఇదే మాట అంటుంది, రోజూ వినడం కంటే ఒకసారి రాయడం తేలిక. మేనేజరుకి ఎంత బద్ధకమో ఆమెకీ అంతే. పెంచొద్దు అన్న ఆయన మాట గుర్తుంది, కానీ ఒక మనిషికి పడే ఉల్లిపాయని ఏ కిచెన్లోనూ ఎవరూ పట్టుకోలేరని ఆమెకి ఈపాటికి తెలుసు. కలిపింది.

అయింది వదినా.

"రేపు రా" అంది పిన్ని, తన గిన్నె తీసుకుని తలుపు దాటుతూ. "తిన్నాక గిన్నె మాత్రం నువ్వే తోముకోవాలి. అది నీ ఫైల్లో రాయలేదు."